చెట్టు టాల్, గెల హై: ఎత్తుకి ఇంగ్లీషులో ఏ మాట ఎక్కడ వాడాలి

మా పెరట్లో రెండు రకాల కొబ్బరి ఉంది. నాన్నగారు వేసినవి పద్దెనిమిది చెట్లు, పొడుగు రకం. నేను వేసినవి ఐదు, గోదావరి గంగ అనే సంకర రకం. సాయంత్రం ఐదున్నర అయ్యేసరికి ఆ చెట్ల నీడ అరుగు మీదకి వస్తుంది, దాంతోపాటు పిల్లలూ వస్తారు. కువైట్‌కో మస్కట్‌కో వెళ్లడానికి పాస్‌పోర్టుకి పెట్టుకున్న కుర్రాళ్లు, నర్సింగు అయిపోయి ఇంటర్వ్యూల కోసం చూస్తున్న ఆడపిల్లలు. పన్నెండేళ్లుగా వాళ్లకి ఇంగ్లీషు మాట్లాడడం నేర్పుతున్నాను. ప్రతి కొత్త బ్యాచ్‌లోనూ మొదటి వారం ఎవరో ఒకరు "మై బ్రదర్ ఈజ్ వెరీ హై అండి" అంటారు. అన్నయ్య పొడుగరి అని చెప్పాలని వాళ్ల ఉద్దేశం. ఇంగ్లీషు పుట్టుభాషగా ఉన్నవాళ్ల చెవికి మాత్రం అన్నయ్య మత్తులో తూలుతున్నాడని వినపడుతుంది.

పిల్లల్లో తెలివి తక్కువై ఇలా అవదు. మనకి "ఎత్తు" ఒక్కటే చాలు. మనిషి ఎత్తు, గోడ ఎత్తు, గట్టు ఎత్తు, గాలిపటం ఎంత ఎత్తున ఎగురుతోందో చూడు. "పొడుగు" ఇంకోటి. పొడుగు మనిషి, పొడుగు జడ, పొడుగు చేతుల చొక్కా. ఈ రెండు మాటలతో మనం బతికేస్తున్నాం. ఇంగ్లీషువాళ్లు అదే స్థలాన్ని టాల్, హై, లాంగ్ అని మూడు వాటాలు వేసుకున్నారు. వాళ్ల గట్లు మన గట్ల మీద పడలేదు. అందుకే ఒక తెలుగు మాటకి ఒక ఇంగ్లీషు మాట అని బట్టీపట్టిన పిల్లలు ఇక్కడ తప్పకుండా పడతారు.

అందుకని ఈ పాఠం నేను అరుగు మీద చెప్పను. దింపు, అంటే చెట్లెక్కి కొబ్బరికాయలు కోసి దించే పని, ఉన్న రోజు చూసుకుని అందరినీ చెట్టు కిందకి తీసుకెళ్తాను. రెండు నెలలకోసారి మా దింపుకి వచ్చే ఆయన ఐదడుగులకి ఒక అంగుళం తక్కువే ఉంటాడు. యాభై దాటాయి. పంచె ఎగ్గట్టి, పాదాలకి తాడు బందం తగిలించుకుని, నడుముకి కత్తి దోపుకుని, చూస్తుండగానే నాన్నగారి చెట్టెక్కి మొవ్వు దగ్గర, అంటే తల దగ్గర, కూర్చుంటాడు. గెల కోసేముందు "తప్పుకోండమ్మా" అని ఒక్క కేక. పిల్లలంతా కాలవ గట్టు వైపు జరుగుతారు. అప్పుడు అడుగుతాను, ఇందులో టాల్ ఏది, హై ఏది అని.

చెట్టు టాల్. గెల హై.

చెట్టు ఎందుకు టాల్ అంటే, అది తన మొదలు మీద తను నిలబడి పైకి లేచింది. వేరు నుంచి మొవ్వు దాకా ఉన్నదంతా అదే. గెల సంగతి వేరు. గెల తనంతట తాను మూరెడు ఉంటుందో రెండు మూరలు ఉంటుందో మనకి పట్టలేదు. నేలకి ఎంత దూరాన వేలాడుతోందన్నదే చెబుతున్నాం. కాబట్టి హై. కోసి కింద పడేశాక ఆ గెల ఇక హై కాదు. చెట్టుని గాలివాన పడగొట్టేస్తే అది టాల్ కాదు, లాంగ్. పోయినసారి గాలికి పడ్డ చెట్టు ఒకటి కాలవకి అడ్డంగా ఉంది, పిల్లలు దాని మీద నుంచి నడుస్తారు. దాన్ని చూపిస్తాను. అదే చెట్టు, అదే కొలత. నిలబడ్డప్పుడు ఒక మాట, పడుకున్నప్పుడు ఇంకో మాట.

మరి పైన కూర్చున్న మనిషి? "హి ఈజ్ హై అప్ ఇన్ ద ట్రీ" అనాలి. ఆ "అప్" వదిలేస్తే మళ్లీ మత్తు అర్థం వచ్చిపడుతుంది. దించిన కాయలు లెక్క పెట్టేటప్పుడు మాత్రం ఆయన టాలూ కాదు, హైయ్యూ కాదు.

రెండు ప్రశ్నలు

ఏ వస్తువు గురించి చెప్పాలన్నా రెండు ప్రశ్నలు వేసుకోమంటాను. మొదటిది: అది నిలబడి ఉందా? నిలబడకపోతే టాల్ ప్రసక్తి లేదు. జడ వేలాడుతుంది, రోడ్డు పడుకుంటుంది, చొక్కా చేయి భుజం నుంచి జారుతుంది. ఇవన్నీ లాంగ్. రెండోది: దానికి ఎదురు మాట తెలుగులో ఏమొస్తుంది? "పొట్టి" అని నోటికి వస్తే టాల్. "తక్కువ" అనో "కింద" అనో "పల్లం" అనో వస్తే హై. పొట్టి మనిషి, పొట్టి చెట్టు, పొట్టి స్తంభం. అందుకని టాల్ మేన్, టాల్ ట్రీ, టాల్ పోల్. జ్వరం తక్కువ, జీతం తక్కువ, అటక కాస్త కిందకి ఉంది. అందుకని హై ఫీవర్, హై శాలరీ, హై షెల్ఫ్. ఇంగ్లీషులోనూ టాల్‌కి ఎదురు షార్ట్, హైకి ఎదురు లో. రెండు జతలూ ఎప్పుడూ కలవవు. "లో మేన్" అంటే పొట్టివాడని కాదు, నీచుడని.

మూడో లక్షణం ఒకటుంది, అది చూసిచూసి అలవాటవ్వాలి. టాల్ అనిపించుకోవాలంటే వెడల్పు కంటే ఎత్తు బాగా ఎక్కువుండాలి. కొబ్బరిచెట్టు, గుడి గోపురం, ఇటుక బట్టీ గొట్టం, సెల్ టవర్, నిలువు గ్లాసు. ద్రాక్షారామంలో భీమేశ్వరుడి లింగం రెండంతస్తుల్లో ఉంటుంది, అదీ టాలే. వెడల్పుగా పరుచుకుని లేచినవి హై. కొండ, ఏటిగట్టు, ప్రహరీ గోడ, సముద్రపు కెరటం. మన ఏటిగట్టు మీద బళ్లు తిరుగుతాయి, అంత వెడల్పు. దాన్ని టాల్ అంటే ఎవరికీ బొమ్మ కట్టదు.

మేడ దగ్గర రెండూ చెల్లుతాయి. ఈ సంగతి నేను కష్టమైన దారిలో నేర్చుకున్నాను. పదిహేనేళ్ల కిందట ఒక ప్రైవేటు బడిలో ఏడో తరగతికి చెప్పేదాన్ని. ఒక అబ్బాయి "హై బిల్డింగ్" అని రాస్తే ఎర్ర సిరాతో కొట్టేసి, పైన "టాల్" అని రాసి, అర మార్కు తీసేశాను. మర్నాడు వాడు ఇంట్లో ఉన్న డిక్షనరీ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఏమీ మాట్లాడలేదు. పేజీ తెరిచి వేలు పెట్టాడు. హై అన్న మాట కింద ఉదాహరణగా మేడే ఉంది. అర మార్కు తిరిగి వేశాను, తరగతి ముందు తప్పు నాదని చెప్పాను. అయినా ఆ ఎర్ర గీత ఇప్పటికీ నా కళ్లముందు ఉంటుంది. సన్నగా నిటారుగా లేచిన మేడని చూసినట్టు చెప్పాలంటే టాల్ బాగుంటుంది. ఎన్ని అడుగులు లేచిందో చెబుతుంటే హై కూడా సరిపోతుంది. రెండిట్లో ఏది రాసినా మార్కు కొట్టేయకూడదు. ఆ రోజు నుంచే ఈ మాటలు ఎక్కడ పుట్టాయో వెతకడం మొదలుపెట్టాను. పుట్టుక తెలిశాక నియమాలు గుర్తుపెట్టుకోవాల్సిన పని సగం తగ్గిపోయింది.

హై నేల నుంచి పుట్టింది

హై చాలా పాత మాట. జర్మన్‌లో హోఖ్, డచ్‌లోనూ హోఖే. వీటికి దగ్గర చుట్టం స్కాండినేవియా వాళ్ల పాత నార్స్ భాషలో ఉంది: హౌగర్, అంటే దిబ్బ. వెనక్కి వెనక్కి వెళ్తే ఉబ్బెత్తుగా వంపు తిరిగినది అనే మూలం దగ్గరకి చేరుతుందని భాషాశాస్త్రం చదివినవాళ్లు చెబుతారు. అంటే ఈ మాటకి మొదట కనపడ్డది మనిషి కాదు, చెట్టు కాదు. నేలలో లేచిన మెరక.

మెరక అంటే ఏమిటో మా గోదావరి డెల్టాలో పుట్టినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. మన దగ్గర కొండ లేదు, గుట్ట లేదు. రెండడుగుల తేడా వస్తే అదే మెరక, అదే పల్లం. ఆ రెండడుగులే ఏ చేను మునుగుతుందో, ఏ ఇంటి అరుగు తేలుతుందో తేలుస్తాయి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఇళ్లలో పెద్దవాళ్లకి ఈ అంకెలు ఇంటి నంబర్ల కంటే బాగా గుర్తు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి వచ్చింది. 2022 జూలైలో మళ్లీ 71 దాటింది. ఆ 2022 వరద రోజుల్లో గోదావరి మధ్య లంకలో, అంటే ఏటి దీవిలో, ఉండే ఒక కుర్రాడు ఫోన్‌లో క్లాసు వింటూ "మేడమ్ గారండి, వాటర్ ఈజ్ వెరీ టాల్ అండి" అన్నాడు. ఆ వేళ వాణ్ణి సరిదిద్దలేదు. నీళ్లు తీశాక చెప్పాను, నీళ్లకి ఎప్పుడూ హై అని. నీళ్లు నిలబడవు, మట్టం పెరుగుతుంది. మట్టం నేలకి సంబంధించిన లెక్క. "ద వాటర్ లెవెల్ ఈజ్ హై." అంతర్వేది దగ్గర సముద్రం పోటు మీద ఉంటే హై టైడ్, పాటు తీస్తే లో టైడ్.

జర్మన్ భాషలో హై జర్మన్, లో జర్మన్ అని రెండున్నాయి. చాలామంది హై అంటే గొప్పది, లో అంటే తక్కువది అనుకుంటారు. అది కాదు. దక్షిణాన కొండలూ ఎత్తైన నేలలూ ఉన్న వైపు మాట్లాడేది హై జర్మన్, ఉత్తరాన సముద్రం వైపు చదునైన పల్లంలో మాట్లాడేది లో జర్మన్. మనవాళ్ల లెక్కలో చెప్పాలంటే మెట్ట జర్మన్, డెల్టా జర్మన్. మెట్ట యాసకీ మన యాసకీ తేడా ఉన్నట్టే. ఒకప్పుడు పాలకొల్లులో గిడ్డంగులు కట్టుకుని వర్తకం చేసిన డచ్చివాళ్లు ఆ పల్లం వాళ్లే. వాళ్ల దేశం పేరు నెదర్లాండ్స్, అంటే పల్లపు నేల. ఈ ముక్క చెప్పినప్పుడు పిల్లల కళ్లు వెలుగుతాయి, నాకు ఆ క్షణం చాలా ఇష్టం.

హై రాసేటప్పుడు చివర పలకని రెండు అక్షరాలు, జీ, హెచ్, ఎందుకున్నాయని అందరూ అడుగుతారు. అవి ఒకప్పుడు పలికినవే. గొంతు వెనక నుంచి వచ్చే ఖకారం లాంటి శబ్దం. జర్మన్లు హోఖ్ అంటున్నప్పుడు అది ఇప్పటికీ వినపడుతుంది. ఇంగ్లీషువాళ్ల నోట్లో అరిగిపోయింది, కాగితం మీద మిగిలింది. హైట్ కూడా అలాంటిదే. దాని స్పెల్లింగులో ఎయిట్ అన్న అంకె పూర్తిగా దాగి ఉంటుంది గనక చాలామంది "హెయిట్" అని పలుకుతారు. అలా పలక్కూడదు. కైట్, లైట్ లాగే హైట్. లెంగ్త్, విడ్త్, డెప్త్ లాగా దీని చివర కూడా ఒకప్పుడు థకారమే ఉండేది, తరవాత టకారంగా స్థిరపడింది.

టాల్ మనిషి నుంచి పుట్టింది

టాల్ కథ పూర్తిగా వేరు. మొదట్లో దానికి ఎత్తుతో సంబంధమే లేదు. పాత ఇంగ్లీషులో చురుకైన, సిద్ధంగా ఉన్న అనే అర్థమిచ్చే మాట ఒకటుంది, టాల్ దాన్నుంచే వచ్చిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. తరవాత కొన్ని వందల ఏళ్లు అది చక్కనివాడు, పనిమంతుడు, ధైర్యవంతుడు అనే అర్థాల్లో తిరిగింది. 1500ల్లోగానీ పొడుగు అనే అర్థం గట్టిపడలేదు. షేక్‌స్పియర్ నాటకాల్లో "టాల్ ఫెలో ఆఫ్ దై హాండ్స్" అనే మాట వస్తుంది. పొడుగు చేతులవాడని కాదు దాని అర్థం. చేతుల్లో సత్తా ఉన్నవాడు, దెబ్బకి వెనుదీయనివాడు.

ఈ పాఠం చెబుతుండగా ఒకసారి మా దింపు ఆయన కాయలు పోగేస్తూ విన్నాడు. "మరి నన్నేవంటారండమ్మా ఇంగ్లీషులో, పొట్టోణ్ణే కదండీ" అన్నాడు. ఇప్పటి ఇంగ్లీషులో షార్ట్ అంటారు చిన్నాన్నా, నాలుగొందల ఏళ్ల కిందటి ఇంగ్లీషులో అయితే నిన్ను టాల్ అనేవాళ్లు అన్నాను. ఎందుకని అడిగాడు. చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "ఆయ్, అదే సరైన మాటండి" అని మళ్లీ పనిలో పడ్డాడు. ఆయన చెట్టెక్కినప్పుడు కింద నిలబడి చూసినవాళ్లెవరికైనా ఆ పాత అర్థం ఒక్క క్షణంలో తెలుస్తుంది.

టాల్ మనుషుల కోసం పుట్టిన మాట అని గుర్తుపెట్టుకుంటే చాలా చిక్కులు విడిపోతాయి. మనిషికి ఎప్పుడూ టాలే. మనిషిలా నిలబడేవాటికి, అంటే చెట్టుకి, స్తంభానికి, గోపురానికి, తెరచాప కొయ్యల ఓడకి, టాల్. కొండకి, గట్టుకి, మబ్బుకి, నీటికి, అంటే నేలా ఆకాశం లెక్కలకి, హై. మా కొబ్బరి సంగతి కూడా ఇందులోకే వస్తుంది. నాన్నగారు వేసిన రకానికి పుస్తకాల్లో పేరు ఈస్ట్ కోస్ట్ టాల్. దానికి ఎదురుగా ఉండే గంగబొండం లాంటివి డ్వార్ఫ్, అంటే మరుగుజ్జు. చూడండి, చెట్టుకి పెట్టిన రెండు పేర్లూ మనుషుల కోసం పుట్టిన మాటలే. టాల్ ఆరేడేళ్లకి గానీ కాపుకి రాదు, వచ్చాక రెండు తరాలు కాస్తుంది. డ్వార్ఫ్ మూడు నాలుగేళ్లకే కాస్తుంది. ఆ రెండిటినీ కలిపి అంబాజీపేట పరిశోధన కేంద్రంలో చేసిన సంకరమే మా ఐదు చెట్ల గోదావరి గంగ.

మరి టాల్‌కి ఆ అర్థం రాకముందు ఇంగ్లీషువాళ్లు పొడుగు మనిషిని ఏమనేవారు? లాంగ్ అనేవారు. అచ్చం మనలాగే. 1272 నుంచి 1307 దాకా ఏలిన మొదటి ఎడ్వర్డ్ రాజుకి లాంగ్‌షాంక్స్ అని పేరు, అంటే పొడుగు కాళ్లవాడు. 1774లో ఆయన సమాధి తెరిచి కొలిస్తే ఆరడుగుల రెండంగుళాలు ఉన్నాడు. అందుకని ఎవరైనా "మై బ్రదర్ ఈజ్ లాంగ్" అంటే నేను కోప్పడను. ఏడొందల ఏళ్లు ఆలస్యంగా సరైన మాట అన్నావమ్మా, ఇప్పుడు టాల్ అను, అంటాను.

లాటిన్ వైపు ఒక్క అడుగు వేసి వస్తాను. ఆల్టిట్యూడ్ అన్న మాట ఆల్టుస్ నుంచి వచ్చింది. ఆల్టుస్ అంటే ఎత్తైనది, లోతైనది కూడా. కొండకీ అదే మాట, నడిసముద్రానికీ అదే మాట. నిలువు గీత ఒకటే కదా, నువ్వు కింద నిలబడి చూస్తే ఎత్తు, పైన నిలబడి చూస్తే లోతు. నూతిలోకి తొంగి చూసిన ప్రతిసారీ నాకిది గుర్తొస్తుంది. ఇంగ్లీషులో హై సీస్ అంటే నడిసంద్రం, ఏ దేశం అజమాయిషీలోనూ లేని నీళ్లు. అక్కడ కూడా హైలో ఆ పాత లోతు అర్థం వినపడుతుంది. ఇంకో సంగతి, ఆల్టుస్ అసలు అర్థం పెరిగినది, ఎదిగినది అని. పోషించు అనే క్రియ నుంచి వచ్చింది. మన ఓల్డ్ అనే మాటకీ మూలం అదే: ఎదిగినవాడే ఓల్డ్.

కొలత చెప్పేటప్పుడు

నర్సింగు పిల్లలు ఈ భాగం మాత్రం రెండుసార్లు చదవాలి. మా దగ్గర చదివిన ఒక అమ్మాయిని వీడియో ఇంటర్వ్యూలో "హౌ టాల్ ఆర్ యూ" అని అడిగారు. ఆ పిల్ల నాలుగడుగుల పదంగుళాలు. ఆ ప్రశ్న ఆమెకి ఎత్తిపొడుపులా వినపడింది. "ఐ యామ్ నాట్ టాల్, సర్" అని తల వంచుకుంది. అడిగినవాళ్లకి ఫారం నింపుకోవడానికి ఒక అంకె కావాలి, అంతే. ముందుగా నేను చెప్పి పంపాల్సింది, చెప్పలేదు. కొలతతో కలిసినప్పుడు టాల్‌కి పొడుగనే అర్థం ఉండదు, ఉత్త ఎత్తు అని అర్థం. "ఫోర్ ఫీట్ టెన్ ఇంచెస్ టాల్" అనొచ్చు, "త్రీ ఫీట్ టాల్" అని చిన్నపిల్లాడి గురించి కూడా అనొచ్చు. మనమూ "మూడడుగుల ఎత్తు" అంటాం కదా, అలాగే. మనుషులకీ చెట్లకీ అంకె తరవాత టాల్. కొండలకీ గోడలకీ అంకె తరవాత హై. "ఎవరెస్ట్ ఈజ్ 8,848 మీటర్స్ హై."

అంకె ముందుకి వస్తే అడుగులు అడుగైపోతుంది. "ఎ సిక్స్ ఫుట్ మేన్", "సిక్స్ ఫీట్ మేన్" కాదు.

చంటిపిల్లలకి టాలూ లేదు, హైటూ లేదు. రెండేళ్లలోపు బిడ్డని పడుకోబెట్టి కొలుస్తారు, దాన్ని లెంగ్త్ అని రాస్తారు. రెండేళ్లు నిండాక నిలబెట్టి కొలుస్తారు, అప్పటి నుంచి హైట్. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎదుగుదల చార్టులు కూడా ఇలాగే విడగొట్టి ఉంటాయి. ఒకే బిడ్డని పడుకోబెట్టి కొలిస్తే నిలబెట్టినదానికంటే సుమారు 0.7 సెంటీమీటర్లు ఎక్కువ వస్తుంది. కాబట్టి "ద బేబీ ఈజ్ ఫిఫ్టీ సెంటీమీటర్స్ లాంగ్". కాలవ మీద పడ్డ కొబ్బరిచెట్టు గుర్తుందిగా.

పోల్చేటప్పుడు "కంటే"కి దేన్ ఒక్కటే. "టాలర్ దేన్ మీ." "మోర్ టాలర్" అనకూడదు, "టాలర్ టు మీ" అనకూడదు. హైకి హయ్యర్, హయ్యెస్ట్.

ఎత్తు లేని ఎత్తులు

హై ఎత్తుని వదిలి చాలా దూరం వెళ్లింది. బీపీ, ధర, వేగం, గొంతు శ్రుతి, ఆశలు అన్నిటికీ హై. హైకోర్టులో, హైస్కూల్లో అది పై మెట్టు అని. హైవేలో ముఖ్యమైన అని. మన 216 నేషనల్ హైవే చాలాచోట్ల చేలకంటే కాస్త ఎత్తుమీదే ఉంటుంది గానీ, పేరు అందుకు రాలేదు. ఊరి దారుల్లో పెద్దది గనక హైవే. ఈ చోట్ల ఎక్కడా టాల్ పనికిరాదు.

టాల్ అంత దూరం తిరగలేదు. రెండు మూడు చోట్లే. టాల్ ఆర్డర్ అంటే చేయడం కష్టమైన పని. టాల్ క్లెయిమ్స్ అంటే కోతలు, మన పేపర్లలో ఎన్నికలప్పుడు తరచూ కనపడుతుంది. టాల్ టేల్ అంటే నమ్మశక్యం కాని కథ. ఈ గొప్పలు చెప్పుకునే అర్థం 1800ల మధ్యలో అమెరికాలో వాడుకలోకి వచ్చింది. అమెరికా వెళ్లే పిల్లలకి ఇంకొకటి చెబుతాను. స్టార్‌బక్స్‌లో టాల్ అని అడిగితే పెద్ద గ్లాసు రాదు. అక్కడ టాల్ అంటే 12 ఔన్సులు, దానిపైన ఇంకా పెద్దవి ఉన్నాయి.

ఇక మన ఎత్తులు కొన్ని ఇంగ్లీషులోకి ఏ హైతోనూ, ఏ టాల్‌తోనూ వెళ్లవు. ఎత్తు పళ్లని హై టీత్ అనకండి, బక్ టీత్ అంటారు. చదరంగంలో ఎత్తు మూవ్. నిలువెత్తు విగ్రహం లైఫ్ సైజ్. నీ ఎత్తు బంగారం ఇచ్చినా అన్నప్పుడు అది బరువు, వెయిట్ ఇన్ గోల్డ్.

క్లాసు అయిపోయే ముందు ఇచ్చే పని ఇది, మీరూ చేయండి. రేపు పొద్దున్న ఇంటి నుంచి బస్టాపు దాకా నడుస్తూ పది వస్తువులు చూసి, ఒక్కోదానికి నిలబడిందా, ఎదురు మాట పొట్టా తక్కువా అని అడిగి రాసుకోండి. మా పిల్లలు మొన్న తెచ్చినవాటిలో కొన్ని: కరెంటు స్తంభం టాల్, దాని తీగ హై. వంతెన హై, వంతెన మీద దీపస్తంభం టాల్. కోతకొచ్చిన చేనుకి టాల్ అని రాసింది ఒక అమ్మాయి, సరైనదే, వరి నిలబడే ఉంది. గాలికి ఒరిగి పడిపోయిన మడికి ఏం రాయాలో తెలియక ఖాళీ వదిలేసింది. ఆ ఖాళీ పక్కన టిక్కు పెట్టాను.